టై ఎక్కడ, డ్రా ఎక్కడ

మొన్నో ఆదివారం విశాఖ ఎంవీపీ కాలనీలో మా కుర్రాళ్ల క్రికెట్ మ్యాచ్. రెండు జట్లూ 112 దగ్గరే ఆగాయి. "మాస్టారూ, డ్రా అయిపోనాది!" అని ఒకడు స్కోరు బుక్కు మీదకి వంగి అరిచాడు. "కాదు నాన్నా, టై" అన్నాను. ఏళ్ల తరబడి స్కోరు రాస్తున్నవాణ్ణి, ఈ రెండు మాటలూ కలిపేస్తే నాకు మనసొప్పదు.

వన్డే, టీ20 లాంటి ఓవర్ల ఆటలో తేలికే. ఆట పూర్తయ్యాక పరుగులు సమానమైతే టై. వాన వచ్చి ఎవరు గెలిచారో తేలకుండానే ఆగిపోతే ఫలితం తేలలేదనాలి. డ్రా అన్న మాట అక్కడ చెల్లదు. మన మధురవాడ స్టేడియంలోనే చూశాం కదా, 2018 అక్టోబరు 24న. ఇండియా 6 వికెట్లకి 321. వెస్టిండీస్‌కి ఆఖరి బంతికి 5 పరుగులు కావాలి. ఉమేశ్ యాదవ్ బంతిని షాయ్ హోప్ ఫోర్ కొట్టాడు. 7 వికెట్లకి 321. మనకి ఒక వికెట్ తక్కువ పడిందని మనం గెలిచినట్టు కాదు, వికెట్ల లెక్క ఇక్కడ చూడరు. హోప్ మ్యాచ్‌ని 'టై చేశాడు' అనొచ్చు.

చిక్కంతా రోజుల తరబడి సాగే టెస్టుల్లోనే. పరుగులు సమానమవగానే టై అనెయ్యకండి. ఆఖర్న బ్యాటింగ్ చేసిన జట్టు ఆలౌట్ అయిందా, అంటే పది వికెట్లూ పడ్డాయా అని ముందు చూడండి. 1986లో చెన్నై చేపాక్‌లో ఆస్ట్రేలియా మీద మనకి లక్ష్యం 348. 347 దగ్గర మణీందర్ సింగ్ ఎల్బీడబ్ల్యూ అయ్యాడు, ఆలౌట్. అది టై. 2011లో ముంబై వాంఖడేలో వెస్టిండీస్ మీద లక్ష్యం 243. ఆఖరి బంతికి రెండో పరుగుకి వెళ్లి అశ్విన్ రనౌటయ్యాడు. స్కోరు 242, అక్కడా పరుగులు సమానమే. కానీ పడినవి 9 వికెట్లే, ఇంకొకటి చేతిలో ఉండగానే టైము అయిపోయింది. అందుకే డ్రా. ఈ రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టి చెబితే మా కుర్రాళ్లకి ఇట్టే ఎక్కింది.

టెస్టులో డ్రా అంటే టైములోగా ఫలితం తేలలేదని, అంతే. వంద పరుగులు వెనకబడి ఉన్నా వికెట్లు కాపాడుకుని 'డ్రా చేసుకున్నారు' అంటాం. ఆ మాటలో పట్టుదల ఉంది, నాకు ఇష్టం.

ఫుట్‌బాల్‌లో 1-1 అయితే డ్రా. చదరంగంలోనూ డ్రాయే. 'టోర్నమెంటు డ్రా తీశారు' అంటే మాత్రం ఎవరితో ఎవరు ఆడాలో తేల్చారని.

టెన్నిస్ డేవిస్ కప్ వార్తల్లో 'ఇండియా టై గెలిచింది' అని ఉంటే కంగారు పడకండి. రెండు దేశాల మధ్య జరిగే ఆ మొత్తం పోరునే అక్కడ టై అంటారు.