క్రెడిట్ స్కోరు చూపే యాప్‌ల ఉచిత ట్రయల్‌కు ఓకే కొట్టే ముందు

• అసలు అవసరమా? సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికోసారి పూర్తి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. చాలామందికి అదే సరిపోతుంది.

• ట్రయల్ అయ్యాక ఎంత? నెలకా, ఏడాదికా? జీఎస్టీ కలిపారా?

• ఓటీపీ లేదా యూపీఐ పిన్ కొట్టేముందు ఆటోపే మ్యాండేట్‌లో (ఖాతా నుంచి డబ్బు దానంతటదే కోసుకోవడానికి మీరిచ్చే అనుమతిలో) గరిష్ఠ మొత్తం, ముగింపు తేదీ చదవండి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒకసారి ఒప్పుకున్నాక రూ.15,000 లోపు కోతలకు మళ్లీ ఓటీపీ అడగకపోవచ్చు. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. దాన్ని ప్రకటన అనుకుని వదిలేయొద్దు.

• గడువుకు రెండు రోజుల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ఖాతాలోకి వెళ్లి రద్దు చేయాలి, మ్యాండేట్‌నూ విడిగా రద్దు చేయాలి. రెండింటి స్క్రీన్‌షాట్లూ దాచుకోండి.