పరిశోధన వ్యాసం రాద్దాం – 5: అంకె చెప్పడం వేరు, అర్థం చెప్పడం వేరు

పోయిన పాఠంలో పట్టిక వేయడం చూశాం. ఈసారి ఆ పట్టిక గురించి వాక్యం రాద్దాం. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పట్టికలో ఉన్నదాన్నీ, దాన్ని చూసి తమకు తోచినదాన్నీ ఒకే వాక్యంలో కలిపేస్తారు.

ఒక అసలైన లెక్క తీసుకుందాం. 1973లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో పీజీ చదువులకు 8,442 మంది పురుషులు, 4,321 మంది స్త్రీలు దరఖాస్తు చేశారు. పురుషుల్లో 44 శాతం మందికి, స్త్రీలలో 35 శాతం మందికి అడ్మిషన్ దొరికింది.

ఇంతవరకూ చెప్పింది డేటా. ఇక్కడే ఒక చిన్న పొరపాటుకి అవకాశం ఉంది. "పురుషులకు 44 శాతం అడ్మిషన్లు వచ్చాయి" అని రాశారనుకోండి, అర్థం పూర్తిగా మారిపోతుంది. మొత్తం అడ్మిషన్లలో పురుషుల వాటా దాదాపు 71 శాతం. అందుకే "దేనిలో శాతం?" అన్నది ప్రతి వాక్యంలోనూ కనబడాలి. తేడా చెప్పేటప్పుడూ అంతే. 44కీ 35కీ మధ్య ఉన్నది 9 శాతం పాయింట్లు. దాన్ని "9 శాతం ఎక్కువ" అని రాస్తే తప్పు. 35తో పోలిస్తే 44 దాదాపు 26 శాతం ఎక్కువ.

ఇక "విశ్వవిద్యాలయం స్త్రీలపై వివక్ష చూపింది" అన్న వాక్యం సంగతి. ఇది వ్యాఖ్యానం. వినగానే నిజమే అనిపిస్తుంది. కానీ బికెల్, హామెల్, ఓకానెల్ అనే పరిశోధకులు ఇదే డేటాను శాఖలవారీగా విడదీసి చూసి 1975లో 'సైన్స్' పత్రికలో రాశారు. ఎవరికైనా సీటు రావడం కష్టంగా ఉన్న శాఖలకే స్త్రీలు ఎక్కువగా దరఖాస్తు చేశారు. ఆ సంగతి లెక్కలోకి తీసుకుంటే మొగ్గు కాస్త స్త్రీల వైపే తేలింది. 44, 35 అలాగే ఉన్నాయి. వాటి మీద కట్టిన వివరణే నిలబడలేదు.

అందుకే వ్యాఖ్యానం రాసేటప్పుడు క్రియాపదం దగ్గర ఆగి ఆలోచించమంటాను. "నిరూపిస్తోంది" అన్న మాట పరిశీలన మీదే ఆధారపడిన అధ్యయనానికి బరువెక్కువ. "సూచిస్తోంది", "ఇందుకు ఒక కారణం కావచ్చు" అంటే చాలు. ఇలా రాయడం పిరికితనం కాదు, మన దగ్గరున్న ఆధారం ఎంతో పాఠకుడికి నిజాయితీగా చెప్పడం. పి-విలువ (నిజానికి తేడా ఏమీ లేకపోయినా, ఇంత లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా యాదృచ్ఛికంగానే కనబడే అవకాశం ఎంతో చెప్పే అంకె) 0.05 కన్నా తక్కువ వచ్చినా అంతే. మన ఊహ నిజమయ్యే అవకాశం 95 శాతమని దాని అర్థం కాదు.

నేను చిత్తుప్రతి దిద్దేటప్పుడు రెండు పెన్నులు పక్కన పెట్టుకుంటాను. డేటా చెప్పే వాక్యం కింద నీలం గీత, వ్యాఖ్యానం కింద ఎర్ర గీత. ఎర్ర గీతకు ముందు దానికి ఆధారమైన నీలం గీత కనబడకపోతే ఆ వాక్యాన్ని కొట్టేస్తాను, లేదా ఆధారం వెతుకుతాను. ఒకే వాక్యం కింద రెండు రంగులూ పడితే దాన్ని రెండుగా విడగొడతాను.

అభ్యాసం: అదే బర్కిలీ డేటాలో ఒక పెద్ద శాఖకు 825 మంది పురుషులు దరఖాస్తు చేస్తే 62 శాతం మందికి, 108 మంది స్త్రీలు దరఖాస్తు చేస్తే 82 శాతం మందికి అడ్మిషన్ వచ్చింది. దీని మీద రెండు నీలం వాక్యాలు, ఒక ఎర్ర వాక్యం రాయండి. వచ్చే పాఠం ఆ ఎర్ర వాక్యంతోనే మొదలుపెడదాం.