యాప్ ఒకటి చెబుతుంది, సంపు ఇంకొకటి: అపార్ట్‌మెంట్ నీళ్ల లెక్కలో తేడాలు, సరిచేసే దారులు

2024 వేసవిలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం పడిగాపులు కాసిన రోజుల్ని బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న మన తెలుగువాళ్లు అంత తొందరగా మర్చిపోరు. అదే ఏడాది అక్టోబరులో కావేరి అయిదో దశ మొదలైంది. నగరంలో కలిసిన 110 గ్రామాల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు తెచ్చే పథకం అది. దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, ఇంత ఎత్తుకు తోడి తెచ్చే నీళ్లు. కాబట్టి సంపులో సెన్సారు, ఫ్లాటుకో డిజిటల్ మీటరు పెట్టించుకోవడం మంచి పనే. కానీ అంకెలు తేడా వచ్చినప్పుడు ఇరుగుపొరుగు మధ్య గొడవలు మొదలవుతున్నాయి. మనిషిని అనుమానించే ముందు పైపును చూడాలన్నదే నా మాట.

సమస్య: యాప్‌లో సంపు సగం ఉంది, మోటారు మాత్రం గాలి లాగుతోంది

మూత కింద బిగించే అల్ట్రాసోనిక్ సెన్సారు శబ్దం పంపి, నీటిని తాకి తిరిగొచ్చే ప్రతిధ్వనితో దూరం లెక్కగడుతుంది. మధ్యలో నిచ్చెన మెట్టో పైపో అడ్డుంటే దాన్నే నీళ్లనుకుంటుంది. సెన్సారు ముఖం మీద తేమ పట్టినా తప్పు చెబుతుంది. వేడి కూడా లెక్కలోకి వస్తుంది: గాలి పది డిగ్రీలు వేడెక్కితే శబ్దవేగం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. వేడిని బట్టి సరిచేసుకునే ఏర్పాటు సెన్సారులో లేకపోతే, రెండు మీటర్ల లోతులో మూడు నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు సంపులో ఒక్కో సెంటీమీటరు 240 లీటర్లు. తేడా ఎంతకు పోతుందో చూడండి.

ముందు కర్ర దించి లోతు కొలవండి, యాప్‌తో పోల్చండి. ట్యాంకరు వచ్చిన రోజు మోటారు, మిగతా వాల్వులు ఆపేసి ఇంకోసారి చూడండి. ఆ కొలత సంపులో 12,000 లీటర్లు పడితే మట్టం 50 సెంటీమీటర్లు పెరగాలి. కర్ర, యాప్ రెండూ 45 అంటే ట్యాంకరు అతన్ని అడగాలి. కర్ర 50, యాప్ 45 అంటే సెన్సారును అడ్డేమీ లేని చోటికి మార్చాలి. మూత దగ్గర ఆవిరి ఎక్కువగా పట్టే సంపుకైతే అడుగున ఉండి నీటి ఒత్తిడిని కొలిచే సెన్సారే మేలు.

సమస్య: తాళం వేసిన ఫ్లాటుకూ బిల్లు

"సంక్రాంతికి మా సొంతూళ్లో ఉన్నామండీ, ఇన్ని నీళ్లు ఎవరు వాడారు?" అని అడిగేవాళ్లు అబద్ధం చెబుతున్నారనుకోకండి. ఎక్కువగా కనిపించే కారణం ఫ్లష్ ట్యాంకు. లోపలి రబ్బరు అరిగితే నీళ్లు చప్పుడు లేకుండా రోజంతా కమోడ్‌లోకి జారుతూనే ఉంటాయి. ట్యాంకులో కాస్త రంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా వదిలేస్తే తెలిసిపోతుంది.

రెండో కారణం మీటర్ల తారుమారు. 302 మీటరు యాప్‌లో 402 పేరు మీద నమోదై ఉంటుంది. దీన్ని పట్టుకోవడం తేలిక: ఆ ఇంట్లో 20 లీటర్ల క్యాన్ నింపండి, ఏ మీటరు అంకె కదిలిందో చూడండి. మీటర్లు పెట్టించిన వారంలోనే ప్రతి ఇంట్లో, ప్రతి లైనుకూ ఈ పరీక్ష చేయించాలి. దీనికి ఒప్పుకోని సంస్థకు ఆఖరి చెల్లింపు ఆపడంలో తప్పులేదు.

మూడోది గాలి. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండేటప్పుడు నీళ్లకంటే ముందు గాలి తోసుకొస్తుంది. చక్రం తిరిగే మీటరు గాలినీ నీళ్లుగానే లెక్కేస్తుంది. పైపులైన్ ఎత్తయిన చోట గాలిని బయటికి వదిలే ఎయిర్ వాల్వు పెట్టించాలి. నగర నీటి సరఫరా బోర్డు వాళ్ల మీటరు దగ్గరైతే మనం చెయ్యి పెట్టకూడదు, వాళ్లకే ఫిర్యాదు ఇవ్వాలి.

సమస్య: ఫ్లాట్ల మొత్తం కలిపినా మెయిన్ మీటరుకు సరిపోదు

కొంత తేడా సహజం. కుళాయి బొట్లుబొట్లుగా కారితే ఇంటి మీటరు కదలకపోవచ్చు. తేడా పెద్దదైతే రాత్రి రెండు నుంచి నాలుగు గంటల మధ్య మెయిన్ మీటరు చూడండి. అందరూ నిద్రపోయే వేళలో గంటకు 100 లీటర్లు పోతుంటే, రోజుకు 2,400 లీటర్లు ఎక్కడో కారుతున్నట్టే. షాఫ్టుల (పైపులు నిలువుగా దిగే సందుల) వాల్వులు ఒక్కొక్కటిగా మూసుకుంటూ వెళ్లండి, ఏది మూస్తే అంకె ఆగుతుందో లీకు ఆ వైపే. మీటరును తప్పించి నీళ్లు పంపే బైపాస్ వాల్వు సగం తెరిచి ఉందేమో చూడండి, తోట కుళాయిని కూడా మర్చిపోవద్దు.

సమస్య: కొన్ని మీటర్ల నుంచి రీడింగే రాదు

ఇనుప తలుపుల వెనుక, బేస్‌మెంటు మూలల్లో సిగ్నల్ అందదు. మీటర్ల సిగ్నల్ అందుకుని యాప్‌కు పంపే పెట్టె, అంటే గేట్‌వే, చోటు మార్చాలి, లేదా ఇంకొకటి పెట్టాలి.

కొత్తగా కట్టేవాళ్లకు

పాత భవనాల్లో వంటింటికి, ఒక్కో బాత్రూముకు వేరువేరు షాఫ్టుల నుంచి నీళ్లు వస్తాయి. దాంతో ఒక్క ఫ్లాటుకే మూడు నాలుగు మీటర్లు కావాలి. తడిసి మోపెడయ్యే ఖర్చు అక్కడే. ఫ్లాటుకు ఒకే ఇన్‌లెట్, మీటరుకు ముందు వెనుక తిన్నగా పైపు, చెయ్యి పట్టేంత చోటు ఉండాలని డ్రాయింగు దశలోనే అడగండి. స్లాబు పడ్డాక ఎవరూ మార్చలేరు. కట్టడం పూర్తయ్యాక పైపులు నిజంగా ఎటు పోయాయో చూపే డ్రాయింగుల డిజిటల్ కాపీని, రోజువారీ రీడింగుల ఫైలును అసోసియేషన్ పేరు మీదే తీసుకోండి. మీటర్ల సంస్థ మారినా పాత లెక్కలు మీ చేతిలోనే ఉంటాయి.