బంధుత్వ పటం గీద్దాం – 3వ పాఠం: ఎర్ర గీత, ఆకుపచ్చ గీత

పోయిన పాఠంలో గుర్తులు నేర్చుకున్నాం: మగవారికి త్రిభుజం, ఆడవారికి సున్న, పెళ్ళికి రెండు అడ్డగీతలు, పోయినవారి గుర్తు మీద ఏటవాలు గీత. ఈసారి రంగులు వేద్దాం. ఏ3 కాగితం అడ్డంగా పెట్టుకోండి, మూడు తరాలు పడతాయి. ముందు పెన్సిలుతో గీసి, ఆఖర్నే స్కెచ్ పెన్నులు తీయండి.

ముందు వివరాలు రాబట్టాలి. బెంగళూరులో పెరిగిన పిల్లల్ని అడిగితే అందరూ అంకుల్, ఆంటీ, కజిన్‌లే. ఆ మాటలతో ఒక్క గీతా పడదు. అచ్చ తెలుగులో చెప్పినా చిక్కే: సొంత అన్న, పెదనాన్న కొడుకు, పెద్దమ్మ కొడుకు ముగ్గురూ ‘అన్నయ్య’లే. 1901–02లో నీలగిరుల్లో తోడా తెగవారి మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ గారి పద్ధతి దీనికి మందు. తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య: ఈ అయిదు మాటలతోనే అడగాలి. ‘మీ అన్నయ్య ఎవరు?’ అనకండి, ‘మిమ్మల్ని కన్నతల్లి ఇంకా ఎవరెవర్ని కన్నది?’ అని పేర్లు రాసుకోండి. వరసలు తర్వాత చేర్చవచ్చు.

ఎర్రరంగు తండ్రి గీత. పటం ఎవరిదో ఆ మనిషికి, తండ్రికి, తండ్రి తోబుట్టువులకు, పెదనాన్న, చిన్నాన్న పిల్లలకు వేయండి. మేనత్తకూ వేయాలి, ఆమె పిల్లలకు వద్దు. ఎక్కువమంది తప్పేది అమ్మ దగ్గర: ఆధార్‌లో నాన్న ఇంటిపేరే ఉంది కదా అని ఎర్ర చేస్తారు. పుట్టింటిని బట్టే రంగు. సరిచూసుకోవడం తేలిక. తెలుగు ఇళ్ళలో సాధారణంగా భార్యాభర్తలిద్దరూ ఎర్ర కారు. ఇద్దరూ ఎర్ర అయ్యారంటే మళ్ళీ మొదటి నుంచి అడగండి.

ఆకుపచ్చ తల్లి గీత. ‘ఆడవాళ్ళ గీత’ అనుకుని మగవాళ్ళను వదిలేయకండి. మేనమామ ఆకుపచ్చే, ఆయన పిల్లలు కారు. బెంగళూరులో స్థిరపడ్డ మంగళూరు, ఉడుపి బంట్ల (తుళు మాట్లాడే ఒక కులం) కుటుంబాలకు ముఖ్యమైనది ఈ గీతే. వాళ్ళ ‘బరి’ (మన గోత్రం లాంటి వంశం పేరు) తల్లి నుంచి వస్తుంది. అళియసంతానం అనే వారసత్వ ఆచారం ప్రకారం ఇంటి పెత్తనం మేనమామ నుంచి మేనల్లుడికి పోయేది. కన్నడంలో ‘అళియ’ అంటే కూతురి భర్త, అక్కచెల్లెళ్ళ కొడుకు కూడా. మన ‘అల్లుడు’, ‘మేనల్లుడు’ పక్కపక్కనే ఉన్నట్టే. అప్పటి మద్రాసు ప్రభుత్వం ఆ ఆచారానికి 1949లో ప్రత్యేక చట్టమే చేసింది.

ఇప్పుడు అసలు మెలిక. అక్క కూతుర్ని పెళ్ళాడిన మామ ఉన్న తెలుగు కుటుంబాన్ని గీయండి. అమ్మాయికి అమ్మమ్మే అత్తగారు. చాలామంది ఆమెను రెండుచోట్ల గీస్తారు. అప్పుడు మనుషుల లెక్క తప్పుతుంది. ఒక మనిషికి ఒకటే గుర్తు. పెళ్ళి గీతనే తరం దాటించి ఏటవాలుగా లాగండి.

రంగులు వేశాక చూడండి: ఆ అమ్మాయి తన తండ్రి ఎర్ర గీతలోది, మామ వేరే ఎర్ర గీతవాడు. తండ్రి గీత లెక్కించే మనకు వరస కుదిరింది. ఆకుపచ్చలో మాత్రం ఇద్దరిదీ ఒకే గీత. బంట్ల లెక్కన ఒకే బరి, అంటే పెళ్ళి కుదరదు.

వచ్చే పాఠానికి మీ ఇంటి పటంలో ఇలాంటి జంటలెన్నో లెక్కపెట్టి పెట్టుకోండి.