రెండెత్తుల్లో ఆటకట్టు – 3వ పాఠం: ముందు నలుపు ఎత్తులు లెక్కపెట్టండి

గత పాఠాల్లోని చదరంగ సమస్యల్లో కీ ఎత్తు (పరిష్కారంలో తెలుపు ఆడే మొదటి ఎత్తు) పడగానే 'ఇక మేట్ చేస్తాను', అంటే ఆట కట్టిస్తాను, అనే బెదిరింపు ఉండేది. ఈసారి ఏ బెదిరింపూ లేని కీ చూద్దాం. సమస్య అమెరికా చదరంగ క్రీడాకారుడు పాల్ మోర్ఫీది. 1837లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన మోర్ఫీ దీన్ని చిన్నతనంలోనే కూర్చాడని చెబుతారు. 1856లో న్యూయార్క్ క్లిప్పర్ పత్రికలో అచ్చయింది. ఉన్నవి ఏడే పావులు కాబట్టి బోర్డు తీసి పేర్చుకోండి.

తెలుపు: రాజు సి8, ఏనుగు ఎ1, బంటు బి6.
నలుపు: రాజు ఎ8, శకటు బి8, బంట్లు ఎ7, బి7.

తెలుపు ఆడాలి, రెండో ఎత్తుకు ఆట కట్టాలి.

చాలామంది చెయ్యి ముందు ఎ7 మీదికే పోతుంది. ఏనుగుతో ఆ బంటును చంపి చెక్ చెబితే శకటు ఏనుగును చంపుతుంది. బి6 బంటు శకటును చంపితే రాజు ఆ బంటునూ చంపుతాడు. తెలుపుకు మిగిలేది రాజు ఒక్కడే. చెక్‌తో మొదలయ్యే కీ మంచి సమస్యల్లో అరుదు, దాన్ని చివర్లో చూసినా నష్టం లేదు.

తెలుపుకు ఇక్కడ 16 ఎత్తులున్నాయి. వాటిని వరసగా పరీక్షిస్తూ కూర్చోకండి. ఇప్పుడు నలుపు ఆడాల్సి వస్తే ఏమేం ఆడగలదో ముందు చూడండి. రాజుకు కదలడానికి గడే లేదు. బి7 బంటుకు ఎదురుగా తెల్ల బంటు అడ్డం. ఎ7 బంటు బి6ను చంపలేదు, ఎందుకంటే ఎ గడుల వరసలో ఏనుగు దాన్ని పిన్ చేసి ఉంది, అంటే అది ఆ వరస వదిలితే వెనకున్న రాజుకు చెక్ పడుతుంది. కానీ నేరుగా ఎ6కో ఎ5కో నడవగలదు, కదిలినా ఆ వరసలోనే ఉంటుంది కదా. శకటుకు సి7 నుంచి హెచ్2 వరకు ఆరు గడులు. మొత్తం ఎనిమిది ఎత్తులు.

ఇప్పుడు ఒక్కో ఎత్తుకీ మన దగ్గర మేట్ ఉందా? శకటు ఎటు కదిలినా ఏనుగు ఎ7ను చంపితే మేటే. ఏనుగుకు బి6 బంటు కాపు, బి8 గడికి తెల్ల రాజు కాపలా. బి8 వదిలిన శకటు ఆ ఎత్తులో ఎ7ను అందుకోలేదు. అంటే ఎనిమిదిలో ఆరింటికి జవాబు ముందే సిద్ధం. తంటా అంతా ఎ7 బంటు నడవడంతోనే.

కాబట్టి మనకు కావలసింది ఆ బంటును ఆపి, పిన్‌ను మాత్రం వదలని ఎత్తు. ఏనుగును బి1 నుంచి హెచ్1 వైపు జరిపితే పిన్ పోతుంది. ఎ2, ఎ3, ఎ4, ఎ5 ఏదైనా సరే, బంటు ఎ6కు వస్తుంది. మిగిలింది ఒక్కటే: ఏనుగు ఎ6!

ఏనుగును బి7 బంటు నోటికే అందించాం, అదే నలుపుకు కొత్తగా దొరికిన ఎత్తు. చంపనివ్వండి. వెంటనే బి6 బంటు బి7కు నడిచి చెక్ చెబుతుంది. తెల్ల రాజు కాపు ఉంది కాబట్టి నల్ల రాజు ఆ బంటును చంపలేడు. బి8లో తన శకటే అడ్డం, ఎ7లో తన బంటే అడ్డం. శకటు పక్కనున్న బి7ను చంపలేదు, ఐమూలగా తప్ప దానికి దారి లేదు. మేట్.

శకటు సి7కు వచ్చినప్పుడు ఉత్తపుణ్యానికి దొరికింది కదా అని రాజుతో చంపేవాళ్లున్నారు. రెండో ఎత్తు అక్కడే వృథా అవుతుంది. అప్పుడు కూడా ఎ7 మీదే ఏనుగు పడాలి.

ఏనుగు ఎ6కు వచ్చాక నలుపు ఎత్తు వదిలేసుకోగలిగితే తెలుపుకు మేట్ లేదు. ఆడక తప్పకపోవడమే నలుపు చావుకొచ్చింది. దీన్నే జుగ్జ్వాంగ్ అంటారు. నమ్మకం కుదరకపోతే హెచ్7లో ఒక నల్ల బంటు పెట్టి చూడండి. నలుపు దాన్ని ఒక గడి జరిపి ఊరుకుంటుంది, సమస్య మొత్తం కూలిపోతుంది. బోర్డు మీద ఇంత తక్కువ పావులుండి, నలుపుకు లెక్కపెట్టగలిగినన్ని ఎత్తులే ఉంటే జుగ్జ్వాంగ్‌ను అనుమానించండి.

అభ్యాసం:

1. తెల్ల రాజును డి8కు జరపండి. ఏనుగు ఎ6 ఇప్పుడు ఎందుకు పనిచేయదు? శకటు కదిలినప్పుడు, బి7 బంటు ఏనుగును చంపినప్పుడు, ఈ రెండు దారుల్లోనూ నల్ల రాజు ఏ గడికి తప్పించుకుంటాడో విడివిడిగా రాయండి.
2. మొదటి అమరికలోనే బి8 శకటు తీసేసి నల్ల గుర్రం పెట్టండి. తెలుపు ఎన్ని ఎత్తుల్లో గెలుస్తుంది? తొందరపడి 'రెండు' అనకండి.

జవాబులు 4వ పాఠం మొదట్లో ఉంటాయి. ఆ పాఠంలో బంటును మంత్రిగా కాక గుర్రంగా మార్చాల్సిన సమస్య తీసుకుందాం.