కార్డు గీస్తే రెండు శాతం ఎక్కువ అడగాలా? బోర్డు పెట్టే ముందు వేయాల్సిన లెక్క

చిన్న షాపులకు లెక్కలు రాయడం నా పని. నెలాఖరున బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెడితే యజమానులు అడిగే మాట దాదాపు ఒకటే: "ఈ కార్డు కమీషన్ నేనెందుకు భరించాలండీ? కార్డు ఇచ్చినవాళ్ల దగ్గరే ఇంకో రెండు శాతం తీసుకుంటే పోలేదా?" అడగడంలో తప్పు లేదు. అయితే ఆ ఉక్రోషంలో కౌంటర్ మీద కాగితం అంటించేవాళ్లలో చాలామందికి తమకు నిజంగా ఎంత పోతోందో తెలియదు. పని అక్కడి నుంచి మొదలుపెట్టండి.

మెషిన్ ఇచ్చిన రోజు నోటిమాటగా చెప్పిన రేటు పక్కన పెట్టేయండి. మూడు నెలల స్టేట్‌మెంట్లు తీసి కమీషన్, మెషిన్ అద్దె, నెలవారీ ఫీజు, వాటి మీద పన్ను అన్నీ కూడండి. దాన్ని అదే మూడు నెలల కార్డు అమ్మకాలతో భాగించి వందతో గుణించండి. మీ అసలు రేటు అదే. చెప్పిన దానికంటే ఎక్కువే వస్తుంది, చూడండి. కమీషన్ బిల్లు మొత్తం మీద పడుతుంది, అంటే మీరు ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను మీద కూడా. సరుకు వాపసు వస్తే మీరు డబ్బు తిరిగిస్తారు, కమీషన్ మాత్రం చాలా సంస్థలు తిరిగివ్వవు. బిల్లుకు ఇంత అని స్థిరంగా పట్టుకునే ఒప్పందమైతే చిన్న బిల్లుల మీద దెబ్బ మరీ గట్టిగా ఉంటుంది.

ఈ కమీషన్‌లో మామూలుగా పెద్ద వాటా కస్టమర్‌కు కార్డు ఇచ్చిన బ్యాంకుది. కొంత వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌ది. మిగిలింది మీకు మెషిన్ ఇచ్చిన సంస్థది. మీరు బేరమాడగలిగేది ఆ చివరి ముక్క మీదే. ఇంకో రెండు సంస్థల దగ్గర రేటు రాతపూర్వకంగా తీసుకుని మీ మెషిన్ సంస్థకు చూపించండి. రివార్డు పాయింట్లు దండిగా ఇచ్చే కార్డులకు కమీషన్ కూడా ఎక్కువే. ఆ పాయింట్లతో ఎవరో విమానం ఎక్కడానికి మీ గల్లాపెట్టె డబ్బులిస్తోందన్న మంట నాకూ ఉంది గానీ, ఆ మంటతో రేటు తగ్గదు.

ఇప్పుడు అసలు రేటును అమ్మకంతో కాదు, లాభంతో పోల్చండి. వంద అమ్మితే ముప్పై మిగిలే వ్యాపారంలో రెండు పోతే లాభంలో పదిహేనో వంతు పోయినట్టు. వందకు నాలుగే మిగిలేచోట అదే రెండు లాభంలో సగం. బంగారం, టికెట్లు, ఫోన్ల లాంటి సన్న మార్జిన్ వ్యాపారాలు అదనం అడిగితే నేను తప్పుపట్టను. మార్జిన్ బాగా ఉన్నవాళ్లు అడిగితే మాత్రం వద్దంటాను. ఎందుకంటే వాళ్లకు ఇంకో దారి ఉంది: ధరలోనే కలిపేయడం. మొత్తం అమ్మకాల్లో నలభై శాతం కార్డు మీద వస్తోంది, అసలు రేటు రెండు అనుకుందాం. అప్పుడు వంద అమ్మకం మీద మీకు పోతున్నది 0.8 మాత్రమే. ధరలన్నీ ఒక శాతం లోపు సర్దితే సరిపోతుంది, కౌంటర్ దగ్గర ఎవరితోనూ వాదన ఉండదు. నగదు ఇచ్చేవాళ్ల మీద భారం వేయడం అన్యాయం కాదా అంటారు. కొంత నిజమే. కానీ నగదు కూడా ఊరికే రాదు. లెక్కపెట్టాలి, చిల్లర వెతకాలి, బ్యాంకుకు మోయాలి, దొంగ నోటు వస్తే మింగాలి. ఆ ఖర్చు ఏ స్టేట్‌మెంట్‌లోనూ కనబడదు కాబట్టి లేదనుకుంటాం.

ఇక అడగాలనే నిర్ణయించుకుంటే ముందు మీ దేశపు చట్టం, మెషిన్ సంస్థతో మీరు సంతకం పెట్టిన ఒప్పందం రెండూ చదవండి. చోటును బట్టి నియమాలు పూర్తిగా మారిపోతాయి. యూరోపియన్ యూనియన్ 2015లో వినియోగదారుల క్రెడిట్ కార్డు ఇంటర్‌చేంజ్ ఫీజును, అంటే కమీషన్‌లో కార్డు ఇచ్చిన బ్యాంకుకు పోయే వాటాను, 0.3 శాతానికి, డెబిట్‌ను 0.2 శాతానికి పరిమితం చేసింది. 2018 జనవరి 13 నుంచి అక్కడా బ్రిటన్‌లోనూ మామూలు వినియోగదారుల వీసా, మాస్టర్‌కార్డ్ చెల్లింపుల మీద అదనం నిషేధం. ముందు ఫీజు తగ్గించి తర్వాత నిషేధించారు, నాకు నచ్చిన వరస అది. ఆస్ట్రేలియా 2003లో అదనానికి దారి తెరిచింది, కొందరు ఇష్టమొచ్చినంత గుంజడంతో ఖర్చుకు మించి తీసుకోకూడదని 2016లో నియమం తెచ్చింది. అమెరికాలో 2013 నుంచి నెట్‌వర్క్‌లు ఒప్పుకున్నాయి గానీ రాష్ట్రాల చట్టాలు వేరువేరు. కెనడాలో 2022 అక్టోబరులో అనుమతి వచ్చింది, క్యూబెక్‌లో మాత్రం కుదరదు.

నగదుకు తగ్గింపు ఇవ్వడం మీద ఇన్ని ఆంక్షలు ఉండవు. చేతికి వచ్చే లెక్క దాదాపు ఒకటే అయినా జనం తీరు మారుతుంది. అదనం కట్టమంటే జరిమానా వేసినట్టు ముఖం మాడ్చుకునేవాళ్లే, తగ్గింపు వదులుకోవడానికి పెద్దగా బాధపడరు. ధరల్లో తేడా తప్పనిసరైతే దాన్ని నగదు తగ్గింపుగానే చూపాలని అమెరికాలో కార్డు కంపెనీలు పట్టుబట్టిన సంగతిని ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లోనే ఎత్తిచూపాడు. వాళ్లకు మన మనసు మనకంటే బాగా తెలుసు.

అమలు దగ్గర పెద్ద చిక్కేం లేదు. బోర్డు తలుపు దగ్గరే ఉండాలి, కౌంటర్ దగ్గర ఇంకోటి. కార్డు చేతికి తీసుకునే ముందే శాతం నోటితో చెప్పాలి. డెబిట్ కార్డును ఇందులో కలపకండి, దాని కమీషన్ సాధారణంగా తక్కువ, చాలాచోట్ల నియమాలూ ఒప్పుకోవు. బిల్లులో అదనం విడి వరుసలో రావాలి. శాతాన్ని అసలు రేటు దగ్గరే ఆపండి, పైకి సర్దకండి. వందకు రెండు కలిపితే 102 మీద కమీషన్ 2.04 పోయి మీకు 99.96 వస్తుంది. ఆ నాలుగు పైసల కోసం రెండున్నర పెట్టేవాళ్లను చూశాను, ఫిర్యాదు వస్తే నిలబడలేరు.

లెక్కల పుస్తకంలో వసూలైన అదనాన్ని ఆదాయంగా, కమీషన్‌ను ఖర్చుగా విడివిడిగా రాయండి. రెండూ కొట్టేసి ఖాళీ వదిలితే ఏడాది చివర ఎవరికీ ఏమీ అర్థం కాదు. కార్డు మీద కొన్న సరుకు వాపసు వస్తే ధరతో పాటు ఆ అదనం కూడా తిరిగిచ్చేయాలి, సగం సరుకే వాపసైతే సగం అదనం.