మెట్రో ట్యాప్ డేటా బయటికి ఇచ్చే ముందు

ట్యాప్ డేటా అంటే స్టేషను గేటు దగ్గర కార్డు ఆనించిన ప్రతిసారీ నమోదయ్యే వివరం. అందులోంచి కార్డు నంబరు తీసేస్తే చాలనుకునేవాళ్లు మెల్‌బోర్న్ సంగతి తెలుసుకోవాలి. అక్కడి రైళ్లు, బస్సుల్లో వాడే మైకి కార్డుల డేటాను 2018లో ఓ డేటా పోటీకి ఇచ్చారు. మూడేళ్ల ప్రయాణాలు, సుమారు కోటిన్నర కార్డులు. అసలు నంబర్లు మార్చే ఇచ్చారు. అయినా పరిశోధకులు తమ కార్డులను, తమతో కలిసి ప్రయాణించిన సహోద్యోగి కార్డును, ట్వీట్లు చూసి ఒక శాసనసభ్యుడి కార్డును పట్టేశారు. ఒకరి ప్రయాణాలన్నీ ఒకే మారునంబరు కింద ఉంటే, తెలిసిన రెండు మూడు ట్యాపులతో మిగతావన్నీ బయటపడతాయి.

కాబట్టి ట్యాపులు కాదు, లెక్కలు ఇవ్వండి: ఎక్కిన స్టేషను, దిగిన స్టేషను, గంట, ఎంతమంది.

ఈ పట్టికలో ఒక్కో లెక్క ఉండే గడి ఎంత పెద్దదన్నదే అసలు నిర్ణయం. హైదరాబాద్ మెట్రో 57 స్టేషన్లకు 3,192 జతలు. రోజుకు 18 గంటలనుకుంటే 57,456 గడులు. పావుగంటలకు కోస్తే 2,29,824. అన్ని గడుల్లో చాలావాటికి ఒకరిద్దరే మిగులుతారు. అందుకే నెల మొత్తం పనిరోజులను కలిపి గంటలవారీగా ఇవ్వడం మేలు.

తర్వాత, 10 కన్నా తక్కువున్న గడులను, సున్నాలతో సహా, ఒకే గుర్తుతో మూసేయండి. లెక్కించాల్సింది ట్యాపులను కాదు, వేర్వేరు కార్డులను. రోజూ ఒకే రైలెక్కే ఒక్క మనిషి నెలకు 22 ట్యాపులతో ఈ హద్దు దాటేస్తాడు! ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

మొత్తాలతోనూ చిక్కుంది. వరుసలో ఒక్క గడే మూసి మొత్తం ఇస్తే, తీసివేతతో అది తెలిసిపోతుంది. రెండో గడి కూడా మూయండి, లేదా మొత్తమే ఇవ్వకండి. అన్ని కార్డులకూ ఒక ఫైలు, రాయితీ కార్డులు లేకుండా ఇంకో ఫైలు ఇచ్చినా ఇదే గతి. అరుదైన పాసులను ‘రాయితీ’ అనే ఒకే పద్దులో కలిపేయండి.

ఒకే కార్డు ఒక రోజులో చేసే ప్రయాణాల వరుస తెలియాలంటే మారునంబరు తప్పదు. మామూలు హ్యాష్ (నంబరును గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చే పద్ధతి) పనికిరాదు: 2014లో న్యూయార్క్ టాక్సీ నంబర్లను ఎండీ5 అనే హ్యాష్‌తో మార్చి ఇస్తే, సాధ్యమైన నంబర్లన్నిటికీ హ్యాష్ లెక్కగట్టి, పోల్చి, అసలు నంబర్లు రాబట్టారు. ఏ రోజుకారోజు కొత్త రహస్య కీ (నంబరుతో కలిపే రహస్య సంఖ్య) వాడి హ్యాష్ చేసి, రాత్రికి కీ చెరిపేయండి. అలాంటి ఫైలును కూడా ఒప్పందం రాయించుకున్నవాళ్లకే ఇవ్వాలి, వెబ్‌సైట్‌లో పెట్టకూడదు.

విడుదలకు ముందు ఫైలును సహోద్యోగికిచ్చి, మీ మూడు ప్రయాణాల తేదీ, గంట, స్టేషన్లు చెప్పండి. నాలుగోది చెప్పగలిగితే ఫైలు ఆపేయండి.